విమాన ప్రయాణికుని ముఖచిత్రము

విమానాశ్రయ ద్వారమున ప్రయాణికుని పేరడుగుట క్రొత్త కాదు. టిక్కెట్టుతోపాటు ఫోటోగల గుర్తింపు పత్రమును చూపనిదే లోనికి పోనీయరు. ఇప్పుడు పేరుతో తృప్తిపడక ముఖమునే పోల్చిచూచు ఏర్పాటు వచ్చినది. డిజియాత్ర యను ఈ పద్ధతి 2022 డిసెంబరు 1వ తేదీన ఢిల్లీ, బెంగుళూరు, వారణాసులలో మొదలై, మరుసటి సంవత్సరమున మన విజయవాడకును హైదరాబాదునకును వచ్చినది. ప్రయాణికుడు ఆధార్ మూలమున తానెవరో రుజువు పరచుకొని, తన ముఖచిత్రమును ఫోనులో నుంచుకొని, ప్రయాణమునకు ముందు దానిని విమానాశ్రయమునకు పంపును. ద్వారమువద్ద కెమేరా పోల్చిచూచి తలుపు తెరచును. ఒక చేత పెట్టెను, ఒక చేత పిల్లవానిని పట్టుకొని కాగితములు వెదకుకొనువారికి ఇది సౌకర్యమే. మేము కాదనము.

ఇది స్వచ్ఛందమనియు, ఇష్టములేనివారు వెనుకటివలె కాగితము చూపి పోవచ్చుననియు ప్రభుత్వమువారు సెలవిచ్చియున్నారు. ఆ మాటనే మేము గట్టిగా పట్టుకొనుచున్నాము. ఏలయన, ద్వారమువద్ద సిబ్బంది ఏమియు వివరింపకయే కెమేరా ఎదుట నిలువబెట్టి తమ ముఖచిత్రమును తీసికొనిరని 2023, 2024 సంవత్సరములలో పలువురు ప్రయాణికులు బహిరంగముగా మొరపెట్టుకొనిరి. విమానము తప్పిపోవునను తొందరలో నున్నవాడు కారణమడుగునా? అడిగెనేని, వెనుకనున్న వరుసయే వానిని కసరును. ఇట్లు రాబట్టినది సమ్మతి కాదు. సమ్మతి స్వేచ్ఛగా, విషయమెరిగి, షరతులు లేక యీయబడవలెనని 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమే చెప్పుచున్నది. ఆ చట్టమునకు నిబంధనలు 2025 నవంబరులో వెలువడినను, అందలి ముఖ్య బాధ్యతలు అమలునకు వచ్చుటకు 18 మాసముల గడువీయబడినది. కెమేరాలకు మాత్రము అట్టి గడువేదియు అక్కరలేకపోయినది!

స్వచ్ఛందమను మాట విలువ మనవారికి మునుపే తెలిసివచ్చినది. ట్రాన్సువాలు ప్రభుత్వము 1906లో, భారతీయులు వ్రేలిముద్రలిచ్చి పత్రము పొందవలెననియు, పోలీసు అడిగినప్పుడెల్ల దానిని చూపవలెననియు శాసింపగా గాంధీమహాత్ముడు ఎదిరించెను. 1908 జనవరిలో రాజీ కుదిరి, నిర్బంధ శాసనము రద్దగునను నమ్మకముతో ఆయనయే స్వచ్ఛందముగా ముద్రలిచ్చుటకు సిద్ధపడి, అందుకై స్వజనులచేతనే దెబ్బలు తినెను. శాసనము మాత్రము రద్దు కాలేదు. ఆ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన జోహానెస్‌బర్గులో రెండు వేలకు పైగా పత్రములు మంటపాలైనవి. జాతిద్వేషమున పుట్టిన ఆ శాసనమును నేటి సౌకర్యముతో సమానమని మేమనుట లేదు. కాని ఆయనకు వ్రేలిముద్రపై పగలేదు. ఇష్టముతో ఇచ్చినదానిని నిర్బంధమునకు ఆధారము చేయుటనే ఆయన సహింపలేదు.

దేశరక్షణ మాట ఎత్తువారు కలరు. 2001 సెప్టెంబరు 11వ తేదీన అమెరికాలో విమానములను చేజిక్కించుకొనిన 19 మందియు తమ పేర్లతోనే టిక్కెట్లు కొని ఎక్కిరి. పేరు తెలిసినంతమాత్రమున తలపు తెలియదు. పెట్టెలను, దుస్తులను ఎంత శ్రద్ధగా సోదా చేసినను మాకు ఆక్షేపణ లేదు.

ముఖచిత్రము ప్రయాణికుని ఫోనులోనే యుండుననియు, విమానాశ్రయమునకు చేరినది విమానము వెడలిన 24 గంటలలో చెరిపివేయబడుననియు చెప్పుచున్నారు. అయితే 2021 నాటి విధానపత్రమున, రక్షణావసరమును బట్టి ఆ గడువును మార్చుటకును, ప్రభుత్వ శాఖలకు సమాచారము నిచ్చుటకును వీలు కల్పించుకొనిరి. ఆ వీలు ఎన్నిమారులు వాడబడినదో ఎవరినడుగవలెను? డిజియాత్ర ఫౌండేషనులో ప్రభుత్వ విమానాశ్రయ సంస్థ వాటా నూటికి 26 పాళ్లు. మిగిలినది ఢిల్లీ, ముంబయి, బెంగుళూరు, హైదరాబాదు, కొచ్చి విమానాశ్రయ కంపెనీలది. కావున 2005 నాటి సమాచార హక్కు చట్టము దీనికి వర్తింపదను వాదము బయలుదేరినది. పని ప్రభుత్వముది, జవాబు మాత్రము ఎవరిదియు కాదు!

అమెరికాలో జాన్ గిల్మోర్ అను నాతడు 2002 జులై 4వ తేదీన గుర్తింపు పత్రము చూపనని నిలిచి, ఏ నిబంధన ప్రకారము అడుగుచున్నారో చూపుడనెను. అది రహస్యమనిరి. న్యాయమూర్తులు దానిని ఆతని పరోక్షమున చదివి, 2006లో ఆతనికి ప్రతికూలముగా తీర్పు చెప్పిరి. తాను పాటింపవలసినదానిని తాను చదువరాదనుట పరాయి పాలనకు తగునేమో కాని ప్రజాప్రభుత్వమునకు తగదు. మన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24వ తేదీన ఆంతరంగికతను ప్రాథమిక హక్కుగా నిర్ణయించిరి.

కావున ముఖచిత్రములను చెరుపు గడువును చట్టమునందే వ్రాయవలెను. ఫౌండేషనును సమాచార హక్కు చట్టము క్రిందికి తేవలెను. ఇవి పార్లమెంటు పనులు, కొంత ఆలస్యము కావచ్చును. కాని ముఖచిత్రమీయనక్కరలేదనియు, కాగితము చూపి పోవచ్చుననియు తెలియజేయు బోర్డును గన్నవరమునను శంషాబాదునను ద్వారమువద్ద తెలుగున పెద్దయక్షరములతో పెట్టించుటకు ఏ చట్టమును అక్కరలేదు. అధికారులు వచ్చు మాసములోనే దానిని పెట్టింపవలెనని కోరుచున్నాము.