కొత్త కదమ్మా, సర్దుకుంటుంది!

లోకంలో ఆడవాళ్లకి ఉచితంగా దొరికే మందు ఒకటుంది. దాని పేరు "సర్దుకుంటుంది". అత్తవారింట్లో కొత్త కోడలు కళ్లు తుడుచుకుంటే ఇదే మందు. కొత్త చెప్పు కాలు కరిస్తే ఇదే మందు. మొన్న మా కారు బ్రేకులకి కూడా ఇదే మందు రాసిచ్చారంటే నమ్ముతారా?

ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయని కొత్తవి వేయించాం. మర్నాడు పటమట నుంచి గవర్నరుపేటకి బయల్దేరాను. సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టానో లేదో, "కీఁ" మని ఒకటే కేక! పక్కన స్కూటరు మీది అబ్బాయి ఉలిక్కిపడి నావంక చూశాడు, ఆ కేక నేనే వేశాననుకున్నాడు కాబోలు.

షెడ్డుకి తీసుకెళ్లాం. నడిపింది నేను, విన్నది నేను. మెకానిక్ మాత్రం జవాబు మా వారికి చెప్పాడు. "కొత్త ప్యాడ్లు కదా సార్, సర్దుకుంటుంది. మేడమ్‌గారు బ్రేకు కాస్త ఎక్కువ తొక్కుతున్నట్టున్నారు." మా వారు తలూపి నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

అన్యాయంగా మాట్లాడను. అతని మాటలో సగం నిజమే. కొత్త ప్యాడుకీ, చక్రంతో తిరిగే డిస్కుకీ పొందిక కుదరడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పట్టొచ్చు. రాత్రి వానకి డిస్కు మీద పట్టిన పల్చటి తుప్పు పొద్దున్నే కూసినా, నాలుగుసార్లు బ్రేకు వేస్తే రాలిపోతుంది. కానీ చక్రం విప్పకుండానే, ఇది ఆ కూతేనని అతనికెవరు చెప్పారు?

అసలా కూత ఏమిటంటారా? ఫిడేలు తీగ మీద కమాను పట్టుకుంటూ, జారుతూ పోతే నాదం పుడుతుందే, అదే సంగతి. డిస్కు మీద ప్యాడు సన్నగా వణుకుతుంది. ఆ వణుకే కూత. దాన్ని అణచడానికి ప్యాడు వీపున షిమ్ము అనే పల్చటి రేకు ఉంటుంది. ప్యాడు అల్లాడకుండా క్లిప్పులుంటాయి. ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ జారడానికి పిన్నులుంటాయి, వాటికి తగిన గ్రీజు ఉండాలి. వీటిలో ఏది లోపించినా కూతే. డిస్కు గాట్లు పడినా, ప్యాడు వేడికి అద్దంలా నున్నబడినా కూతే.

ఇంటికొస్తే మా అత్తగారు, "తలుపు బందులకి వేసినట్టు ఓ చుక్క ఆముదం వెయ్యరాదుటే" అన్నారు. తలుపుల విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు. కానీ తల్లులారా, ఈ పని మాత్రం చెయ్యకండి! ప్యాడుకి నూనె తగిలితే కూత పోవడం మాట దేవుడెరుగు, బ్రేకే పట్టదు.

నాలుగో రోజు ఒక్కదాన్నే వెళ్లాను. "చక్రం విప్పేదాకా కదలను" అని స్టూలు వేసుక్కూర్చున్నాను. విప్పాడు. పాత ప్యాడ్లతోపాటు షిమ్ములూ చెత్తబుట్టలోకి పోయాయిట! వాటి బదులు కొత్తవి వెయ్యనేలేదు. పిన్నులు ఎండిపోయి ఉన్నాయి. అరగంట పని. కారు నోరు మూసింది. మెకానిక్కూ మూశాడు.

మిక్సీ చప్పుడు కాస్త మారితే పడగ్గదిలోంచే పసిగట్టే చెవులు మనవి. షెడ్డులో అడుగుపెట్టగానే అవి పనికిరాకుండా పోతాయా? కూతంటే నాలుగు రోజులు ఓర్చుకుంటాం. కానీ గరగరమని ఇనుము రాపిడి వినిపించినా, బండి ఓ పక్కకి లాగినా, పెడలు లోపలికి దిగిపోయినా అక్కడే ఆపెయ్యండి. అప్పుడూ "సర్దుకుంటుంది" అనే మాట నమ్మితే ఫలితం అనుభవించేది చెప్పినవాడు కాదు. మనమూ, వెనక సీట్లో పిల్లలూ.

మొరపెట్టేవాళ్లని నోరు మూసుకోమనడం తేలిక. ఎందుకు మొరపెడుతున్నారో విప్పి చూడటమే కష్టం.

కార్ల సంగతే చెబుతున్నాను లెండి!