ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా బాసూ!

డెట్రాయిట్ చుట్టుపక్కల మనవాళ్ళు నలుగురు కూడిన చోట, నవంబరు వచ్చిందంటే ఒకటే చర్చ. కొత్తగా వచ్చినవాడు అడుగుతాడు, "అన్నా, స్నోకి ఏ కారు మంచిది?" అని. పదేళ్ళ సీనియారిటీ ఉన్న అన్నగారు పకోడీ నములుతూ తీర్పిస్తారు: "ఆల్ వీల్ డ్రైవ్ తీసుకో తమ్ముడూ, ఇంక చూసుకోనక్కర్లేదు." నా గొడవంతా ఆ చివరి ముక్కతోనే. చూసుకోనక్కర్లేదట!

మనందరం ఇంజనీర్లం, ఎంసెట్ రాసిన మొహాలం. బ్రేకు వేశాక బండి ఎంత దూరంలో ఆగుతుందో చెప్పే సూత్రం గుర్తుందా? వేగం వర్గాన్ని రెండు మ్యూ జీతో భాగించాలి. ఘర్షణ గుణకం మ్యూ పొడి తారురోడ్డు మీద 0.7, నలిగి గట్టిపడిన మంచు మీద 0.2, ఐస్ మీద 0.1 అనుకోండి. గంటకి 40 మైళ్ళ వేగంలో బ్రేకు కొడితే పొడి రోడ్డు మీద సుమారు 75 అడుగుల్లో ఆగే బండి, మంచు మీద 270 అడుగులు, ఐస్ మీద 535 అడుగులు పోతుంది. మీరు తేరుకుని బ్రేకు మీద కాలు వేసేలోపు పోయే దూరం దీనికి అదనం. ఇప్పుడు చెప్పండి, ఈ సూత్రంలో ఆల్ వీల్ డ్రైవ్ ఎక్కడుంది? "మాది బరువైన ఎస్‌యూవీ, రోడ్డుని పట్టుకుంటుంది" అనేవాళ్ళు కూడా ఒకసారి వెతకండి. బరువు పైనా కిందా కొట్టేసుకుపోయింది :-)

ఆల్ వీల్ డ్రైవ్ చేసేది ఇంజను శక్తిని నాలుగు చక్రాలకీ పంచడం. ఆగి ఉన్న బండి కదలడానికి, మంచు పేరుకున్న ఎత్తు ఎక్కడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది, కాదనను. కానీ బ్రేకులు చవక కారుకీ నాలుగు చక్రాలకే ఉంటాయి, ఖరీదైన కారుకీ నాలుగు చక్రాలకే ఉంటాయి. ఇంకో తిరకాసు ఉంది. మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు సిగ్నల్ దగ్గర కదలబోతే చక్రం గిర్రున తిరుగుతుంది, "నాయనా, రోడ్డు జారుడుగా ఉంది" అని చెబుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఆ హెచ్చరిక కూడా ఇవ్వదు. వెన్నలా కదిలిపోతుంది. రోడ్డు సంగతి మీకు తెలిసేది ముందు బండి బ్రేకు లైట్లు వెలిగినప్పుడే.

"మా డాలస్‌లో స్నో ఎక్కడిది?" అంటారా? 2021 ఫిబ్రవరి 11 పొద్దున్నే మీ పక్కనున్న ఫోర్ట్ వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు చచ్చిపోయారు. అక్కడ పడింది స్నో కాదు, పడగానే గడ్డకట్టే వాన. కంటికి కనపడని ఐస్ పొర. వంతెనలకి పైనుంచీ కిందనుంచీ చలిగాలే కాబట్టి అవి మిగతా రోడ్డు కంటే ముందు గడ్డకడతాయి. ఆ గుట్టలో పికప్పులున్నాయి, పెద్ద పెద్ద ట్రక్కులున్నాయి. ఐస్ ఎవరినీ ఏ మోడల్ అని అడగలేదు.

మరి ఏం చేయాలయ్యా అంటే, టైర్లు. ఆ మ్యూని మార్చగలిగేది అవొక్కటే. మామూలు టైరు రబ్బరు 45 డిగ్రీల ఫారన్‌హీట్ కిందకి వెళ్ళేకొద్దీ బిరుసెక్కుతుంది, వింటర్ టైరు రబ్బరు మెత్తగా ఉండి రోడ్డుని పట్టుకుంటుంది. ఆల్ సీజన్ అన్న మాట మార్కెటింగు వాడిది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచురేకు బొమ్మ ఉందో లేదో చూడండి. అది మంచు మీద పరీక్షించాక ఇచ్చే గుర్తు. ఉత్త "ఎం ప్లస్ ఎస్" అంటే టైరు గాళ్ళ ఆకారం చూసి ఇచ్చింది, అంతే. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు లేకుండా కారు రోడ్డెక్కితే జరిమానా. అక్కడివాళ్ళకి డబ్బులెక్కువై కాదు.

ఆల్ వీల్ డ్రైవ్ కోసం రెండువేల డాలర్లు అదనంగా పోసినవాడే టైర్ల మాటెత్తితే "అపార్ట్‌మెంట్లో ఎక్కడ పెట్టుకోను" అంటాడు. చాలా టైరు షాపుల్లో ఫీజు తీసుకుని వాళ్ళే దాచిపెడతారు. అదీ కుదరదంటే ఆ కొండ గుర్తున్న ఆల్ వెదర్ టైర్లున్నాయి, ఏడాది పొడవునా ఉంచేయొచ్చు. ఒక సెట్టు వాడుతున్నంత కాలం రెండోది అరగదు కాబట్టి ఖర్చు కూడా మీరు భయపడినంత ఉండదు.

నాకు అసలు కోపం తెప్పించేది జనవరిలో స్ప్రింగ్ సెమిస్టరుకి దిగే పిల్లల విషయం. ఏ ఫోన్ ప్లాను, ఏ క్రెడిట్ కార్డు, కందిపప్పు ఎక్కడ చవక... అన్నీ చెబుతాం. లైసెన్సు పరీక్ష ఏదో ఎండిన రోజున పాసవుతారు. ముగ్గురు కలిసి పాత సెడాన్ ఒకటి కొంటారు, ఐదో మనిషిని కూడా ఇరికించుకుని రాత్రి షిఫ్టు ముగించుకుని ఫ్రీవే ఎక్కుతారు. బోర్డు మీద 70 అని ఉంది కదా అని 70లో పోతారు. ఆ 70 పొడి రోడ్డుకి రాసిందనీ, మంచులో 45లో పోయినా పరిస్థితికి మించిన వేగమని పోలీసు టికెట్టివ్వొచ్చనీ వాళ్ళకి ఎవరు చెప్పారు? ఏబీఎస్ ఉన్న బండికి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోవాలనీ, కాలికింద గరగరలాడితే భయపడి వదలకూడదనీ ఎవరు చెప్పారు?

ఈసారి ఎవరైనా తమ్ముడు పాత కారు చూడ్డానికి తోడు రమ్మంటే మైలేజీ, ఇంజను సౌండు తర్వాత వినండి. ముందు జేబులోంచి క్వార్టర్ బిళ్ళ తీసి, వాషింగ్టన్ తల కిందకి వచ్చేట్టు టైరు గాట్లో దూర్చండి. ఆయన నడినెత్తి పూర్తిగా బయటికి కనబడుతోందంటే ఆ గాడి లోతు అంగుళంలో ఎనిమిదో వంతు కూడా లేదన్నమాట. నాలుగు కొత్త టైర్ల ధర బేరంలో తగ్గించమని అమ్మేవాడిని అడగండి. తగ్గించనంటే లేచి వచ్చేయండి.