ఒక చక్రం గాల్లో ఉంటే...

"జీపు వెనక చక్రాల్లో ఒకటి గాల్లోకి లేచింది. రెండోది రాతి మీదే ఉంది. అయినా బండి కదల్లేదు. ఎందుకు?"

మెకానికల్ బీటెక్ అయ్యాక నా మొదటి కోర్ ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇది. డిఫరెన్షియల్ బొమ్మ పరీక్షల్లో ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. "మలుపులో బయటి చక్రం వేగంగా తిరుగుతుంది సార్" అని బట్టీ పట్టింది అప్పజెప్పాను. రెండో ప్రశ్నకైతే నోరే పెగల్లేదు. ఉద్యోగం రాలేదు.

జవాబు యూట్యూబ్‌లో, అమెరికా వీడియోల్లో దొరికింది. యూటా రాష్ట్రంలో మోయాబ్ అనే ఎడారి ఊరు ఉంది. 1967 నుంచి అక్కడ ఈస్టర్ జీప్ సఫారీ జరుగుతోంది. 'హెల్స్ రివెంజ్' లాంటి దారుల్లో ఇసుకరాతి గుట్టల మీదుగా జీపులు పాకుతూ ఎక్కుతాయి. ఆ రాతిని స్లిక్‌రాక్ అంటారు, అంటే జారుడు రాయి. గుర్రాల ఇనప నాడాలు జారేవి కాబట్టి ఆ పేరు. రబ్బరు టైరు మాత్రం ఉప్పుకాగితం మీద పెట్టినట్టు పట్టుకుంటుంది. గాలి 15-20 పీఎస్‌ఐకి దించితే టైరు రాతి ఆకారానికి ఒదిగి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

రాంగ్లర్ రూబికాన్ మాన్యువల్ తీసుకోండి. ఫస్ట్ గేర్ 5.13, లో రేంజ్ 4, యాక్సిల్ 4.10. గుణిస్తే 84 పైచిలుకు. ఇంజన్ 800 ఆర్‌పీఎమ్‌లో ఉంటే చక్రం నిమిషానికి పది చుట్లు కూడా తిరగదు. 33 అంగుళాల టైరుతో గంటకు ఒకటిన్నర కిలోమీటరు! మనిషి నడక కంటే తక్కువ. థార్ రీల్స్ చూసి ఆఫ్‌రోడింగ్ అంటే దుమ్ము లేపడమే అనుకునే వాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఇక గాల్లో లేచిన చక్రం సంగతి. మామూలు డిఫరెన్షియల్ రెండు పక్కలకీ సమానంగా టార్క్ ఇస్తుంది. గాల్లో ఉన్న చక్రం తిరగడానికి దాదాపు ఏమీ అక్కర్లేదు. కాబట్టి నేలమీది చక్రానికీ అంతే దక్కుతుంది. లాక్ వేస్తే రెండూ కలిసి తిరుగుతాయి, బండి ఎక్కేస్తుంది.

సిగ్గేసిన విషయం ఏంటంటే, దీనికి యూటా దాకా పోనక్కర్లేదు. మా వెంకటాచలం చుట్టుపక్కల దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఒక పక్క దిగబడితే, డ్రైవర్ మడమతో డిఫరెన్షియల్ లాక్ తొక్కుతాడు. చిన్నప్పట్నుంచీ గట్టు మీద కూర్చుని చూశాను. పుస్తకంలో బొమ్మా, ఆ పెడలూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కోర్‌లో మొదటి జీతం తక్కువ ఉండొచ్చు. ఇంట్లో అప్పులుంటే సాఫ్ట్‌వేర్‌కి పోవడం తప్పేం కాదు. నేనూ ఇప్పుడు టెక్ రాతలతోనే బతుకుతున్నా. కానీ "మెకానికల్‌కి జాబుల్లేవు" అనుకుని మూడో ఏడాదిలోనే వర్క్‌షాపు మానేసి, వేలు పోసి ఏదో కోర్సులో చేరడం దగ్గరే నా గొడవ. మా ఊరి హైవే పట్టుకుని చెన్నై వైపు వెళ్తే శ్రీసిటీ వస్తుంది. 2016లో మొదలైన ఇసుజు ప్లాంటు అక్కడే ఉంది, వి-క్రాస్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లు అందులోనే తయారవుతాయి. కాలేజీలో బాహా ఎస్‌ఏఈ ఇండియా టీమ్ ఉంటే చేరండి, ఆఫ్‌రోడ్ బండిని మీరే తయారు చేస్తారు. లేదంటే తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లండి. వెనక చక్రాల డ్రైవ్ ఉన్న బండికి ముందు చక్రాలకి అడ్డం పెట్టించి, వెనక రెండూ స్టాండ్ల మీదకి లేపించండి. ఇంజన్ ఆపి, గేర్‌లో ఉంచి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిక్కుకి తిరుగుతుంది. ఎందుకో పుస్తకం చూడకుండా చెప్పగలిగితే మీరు నాకన్నా ముందున్నట్టే.

మొన్న ఊరెళ్లినప్పుడు మా పొలం దున్నే ట్రాక్టరు డ్రైవర్‌ని అడిగాను, "మామా, లాక్ ఎప్పుడు తీసేయాలి?" అని.

"బురద దాటగానే తీసేయాలబ్బయ్యా. మలుపులో లాక్ ఉంటే బండి తిరగదు, గట్టి నేలైతే లోపల గేర్లు కూడా పోతాయి" అన్నాడు.

ఆ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న అదే.