ముందుగా నేర్పవలసినది ఆపుట

ఆదోనికిని ఎమ్మిగనూరునకును నడుమ సుమారు 30 కిలోమీటర్ల దారి. పత్తి తీయు దినములలో ఆ దారిమీద లారీలును, ట్రాక్టర్లును నిండు బరువుతో ఆదోని మార్కెట్టునకు సాగుచుండును. వాని సందున ఎడ్లబండ్లు, గొఱ్ఱెల మందలు, మోటారు సైకిళ్లు. అట్టి దారిమీద, పదునెనిమిదేండ్లు నిండిన కుమారుని కారులో చక్రము ముందు కూర్చుండబెట్టి, "పోనీరా, ఏం భయం?" అని తండ్రి గద్దించును. కుమారుని చేతులు చెమర్చును. "నాకొద్దు నాయనా" అని వాడు దిగిపోవును. ఆ రాత్రి భోజనమువేళ తండ్రి తల్లితో, "పక్కింటోడు పద్నాలుగేండ్లకే బండి తోల్తాండాడు. మనోన్ని చూడు" అనును. ఆ మాటతో కుమారుడు మరల కారు దరికి పోడు.

ఇందు ఎవరిది తప్పు? పదునాలుగేండ్ల బాలునికి బండి నిచ్చుట శౌర్యము కాదు, నేరము. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ననుసరించి, బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికి మూడేండ్ల వరకు కారాగారమును, 25,000 రూపాయల జరిమానాయు విధింపవచ్చును. కాగా భయపడిన కుమారుడు పిరికివాడు కాడు. ఇనుప బండి మనుష్యుని చంపగలదని అతడు గ్రహించినాడు. ఈ గ్రహింపు లేనివారే దారులమీద ఎక్కువ అపాయకారులు.

గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో 11 మీటర్లు సాగును. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిమ్మట ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. ఈ లెక్క కుమారుడు తరగతిలో చదివినదే. తాను ఆపగలనన్న నమ్మకము కుదరనివానిని "పోనీ" యని తరుముట న్యాయమా?

కావున మొదటి పాఠము నడుపుట కాదు, ఆపుట. ఊరి వెలుపలి ఖాళీ నేలమీద పది బారలు పోయి ఆపవలెను. మరల పోయి మరల ఆపవలెను. కాలు తనంతట బ్రేకును వెదకికొనువరకు వేరు పాఠము వలదు. ఎమ్మిగనూరు నేతయిండ్లకు ఈ పద్ధతి క్రొత్త గాదు. మగ్గము గుంతలో కూర్చున్న పిల్లవానికి చేయి, కాలు కలిపి ఆడించుట ఎంత ముఖ్యమో, పడుగు పోగు తెగినంతనే మగ్గము నాపి అతుకుటయు అంత ముఖ్యము. ఆపనేరనివాని గుడ్డ చెడును. దారిమీద ఆపనేరనివానివలన ప్రాణము పోవును.

1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అను నామె, 15, 13 ఏండ్ల కుమారు లిద్దరితో, భర్త నిర్మించిన మోటారుబండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసినది. ఎగువ దారిలో కుమారులు బండిని త్రోసిరి. దిగువ దారిలో బ్రేకు లరిగిపోగా, ఆమె చర్మకారునిచే వానికి తోలు తొడిగించినది. తొలి దూరప్రయాణము చేసిన ఆ తల్లి యెదుట సాగుటతోపాటు ఆగుటయు సమస్యగా నిలిచినది.

మన నిబంధనలును ఇదే చెప్పుచున్నవి. నేర్చుకొనువాని ప్రక్కన లైసెన్సు గలవాడు, బండిని అదుపు చేయుటకుగాని ఆపుటకుగాని వీలైన చోట కూర్చుండవలెను. శిక్షణశాల కారులో గురువు కాలిక్రిందను ఒక బ్రేకు ఉండును. ఇంటి కారులో తండ్రికి అది లేదు, ఉన్నది నోరొక్కటే. ఆ నోరు తిట్లకు అలవడినచో, నిజముగా అపాయము వచ్చి "ఆపు" అన్ననాడు కుమారుడు దానిని మరియొక తిట్టుగానే వినును. కోపము నాపుకొనలేని తండ్రి, బిడ్డను శిక్షణశాలకు పంపుటయే మేలు. అందు చిన్నతనము లేదు.

నేర్చుకొనువాని లైసెన్సు 6 నెలలు చెల్లును. 30 దినములు గడువనిదే పరీక్షకు రానీయరు. చట్టమే యింత ఓపిక పట్టినప్పుడు, తండ్రికి ఒక్క ఆదివారములోనే తొందర యేల? కూతురు నేర్వగోరినను ఇదే పద్ధతి, "ఆడపిల్లకెందుకు?" అను మాట అచ్చట అక్కరలేదు. ఒకనాటి రాత్రి తండ్రికే జబ్బుచేసి, ఆ బిడ్డయే అతనిని ఆదోని ఆసుపత్రికి కొనిపోవలసి రావచ్చును. ఆనాడు ప్రక్కసీటులో తండ్రి మాటాడలేని స్థితిలో ఉండును. బిడ్డ చెవిలో మిగిలి యుండవలసినది పాతగద్దింపు కాదు. "మెల్లగా పో, నీకు ఆపను వచ్చు" అన్న తండ్రి మాట.