మందు కూడా దేవుని ఈవే

డిసెంబరు 1 ప్రపంచ ఎయిడ్స్ దినం. ఆఫ్రికా ఖండంలో హెచ్‌ఐవితో జీవిస్తున్న వారికి 2025 కష్టకాలంగా గడిచింది. వారి కోసం ప్రార్థించే ముందు అక్కడ ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడం మంచిది. ఎందుకంటే అందులో సంఘానికి కూడా పాలు ఉంది.

2004లో ప్రపంచమంతటా ఎయిడ్స్ వల్ల 20 లక్షలకు పైగా మరణించారు. 2024 నాటికి ఆ సంఖ్య సుమారు 6,30,000కు తగ్గింది. హెచ్‌ఐవి ఉన్న సుమారు 4 కోట్ల 8 లక్షల మందిలో 3 కోట్ల 16 లక్షల మంది మందులు వాడుతున్నారు. వైరస్ ఉన్నవారిలో సగానికి పైగా తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల వారే. 2000 ప్రాంతంలో ఒక్క మనిషికి ఏడాదికి 10 వేల డాలర్లు అయ్యే చికిత్సను 2001లో ముంబైకి చెందిన సిప్లా రోజుకు డాలరు లోపే ఇవ్వజూపింది. నేడు మూడు మందులు కలిసిన ఒక్క మాత్ర ఏడాదికి 40 డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతోంది. ఆ మాత్రల్లో కొన్ని మన హైదరాబాదు కంపెనీల నుంచే వెళ్తున్నాయి.

ఈ మాత్ర వైరస్‌ను పూర్తిగా తీసివేయదు. రోజూ క్రమంగా వాడితే పరీక్షకు దొరకనంతగా అణచి ఉంచుతుంది. అలా ఉన్నప్పుడు భార్య నుంచి భర్తకు గాని, భర్త నుంచి భార్యకు గాని వైరస్ సోకదు. గర్భిణి సక్రమంగా వాడితే బిడ్డకు సోకే అవకాశం చాలా స్వల్పం. కాని మానేస్తే కొద్ది వారాల్లోనే వైరస్ తిరిగి లేస్తుంది. వేస్తూ మానుతూ ఉంటే మందుకే లొంగకుండా పోవచ్చు.

అందుకే 2025 జనవరి 20న అమెరికా విదేశీ సహాయాన్ని నిలిపివేసినప్పుడు లక్షల కుటుంబాల్లో భయం పుట్టింది. 2003లో అధ్యక్షుడు జార్జ్ బుష్ ప్రారంభించిన పెప్‌ఫార్ పథకం మీదనే అనేక ఆఫ్రికా దేశాలు ఆధారపడి ఉన్నాయి. ప్రాణరక్షక చికిత్సకు తరువాత మినహాయింపు ఇచ్చినా, అప్పటికే ఎన్నో క్లినిక్కులు మూతపడ్డాయి. దక్షిణాఫ్రికా తన మాత్రలను ఎక్కువగా తన సొమ్ముతోనే కొంటుంది. అయినా అక్కడ వేలాది ఆరోగ్య కార్యకర్తలు ఉద్యోగాలు కోల్పోయారు. మాత్ర అలమరలో ఉంది. రాని రోగిని వెదకి పిలుచుకొచ్చే మనిషి లేడు.

అయితే మందును మాన్పించేది డబ్బు కొరత ఒక్కటే కాదు. స్వస్థత పొందావు, ఇక మాత్రలు పారవేయి అని చెప్పిన బోధకులు ఆఫ్రికాలో ఉన్నారు. ఆ మాట నమ్మి మందు మానినవారు ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. ఇథియోపియాలో ఎంటోటో కొండకు పవిత్ర జలం కోసం వచ్చే రోగులు మందులు మానేస్తుంటే, 2007లో అక్కడి ఆర్థడాక్సు సంఘ పాత్రియార్కు అబూనె పౌలోస్ ఆ రెండూ కలిపి తీసుకోవచ్చని ప్రకటించారు. ఉగాండాలో ఆంగ్లికన్ గురువు గిడియన్ బ్యాముగిషా 1992లోనే తనకు హెచ్‌ఐవి ఉన్నదని బహిరంగంగా చెప్పారు. గురువే చెప్పగలిగితే విశ్వాసి ఎందుకు దాచుకోవాలి?

ప్రార్థన ఒక ప్రక్క, మందు మరొక ప్రక్క అని లేఖనం విడదీయలేదు. మరణకరమైన రోగంలో హిజ్కియా కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. ఆ దేవుని ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టమన్నాడు. యెషయా 38వ అధ్యాయం చదవండి. ముద్ద కట్టించుకున్నందుకు హిజ్కియాను అవిశ్వాసి అని ఎవరూ అనలేదు.

ఇది ఆఫ్రికాకు మాత్రమే చెందిన సంగతి కాదు. మన దేశంలో హెచ్‌ఐవి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలంగాణ కూడా దూరంలో లేదు. 2004 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. వివక్షను నిషేధిస్తూ 2017లో చట్టం వచ్చింది. అయినా ఎవరైనా చూస్తారేమోనని వేరే ఊరి కేంద్రానికి వెళ్ళి మందు తెచ్చుకునేవారు, ఇంట్లో సీసా దాచుకునేవారు మన బల్లల మీద, మన చాపల మీద మన ప్రక్కనే కూర్చుంటున్నారు.

కాపరులారా, రోగుల మీద చేతులుంచి ప్రార్థించండి. దేవుడు స్వస్థపరచగలడని బోధించండి. కాని మందు మానమని ఏ విశ్వాసికీ చెప్పకండి. ఆ మాట చెప్పే అధికారం వైద్యునిది. స్వస్థత పొందాననే సాక్ష్యాన్ని వేదిక మీద చెప్పించే ముందు ఆ వ్యక్తిని పరీక్షకు పంపండి. ప్రార్థన మనవుల్లో పేరు, రోగం బయటపెట్టకండి. ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్రలో త్రాగినంత మాత్రాన ఈ వైరస్ సోకదని సంఘానికి స్పష్టంగా చెప్పండి. ఏఆర్‌టీ కేంద్రానికి పోవడానికి బస్సు ఛార్జీ లేనివారికి కానుకల్లో నుంచి మరుగున ఇవ్వండి.

యేసు ప్రభువు కుష్ఠరోగిని బాగుచేయక ముందే ముట్టుకున్నాడు. మన సంఘాల్లో మాత్ర వేసుకునే వారికి ఆ స్పర్శ అందుతున్నదా? ఈ ఆదివారం ప్రకటనల సమయంలో ఈ ఒక్క మాట చెప్పండి: మీ మందు మానవద్దు, మీ కోసం ప్రార్థించడం మేమూ మానము.