బీఎస్‌-ఎండీ.. పట్టాలు రెండు, లెక్కకు వచ్చేది ఒక్కటే!

కోఠి: నీట్‌ ఫలితాలు వెలువడగానే ఏటా కోఠి పరిసరాలలో ఒక ప్రశ్న వినవస్తుంటుంది. 'ఇక్కడ సీటు రాకపోతే ఎక్కడికి పంపాలి?' అన్నదే ఆ ప్రశ్న. ఒకపక్క 1846 నాటి వైద్య పాఠశాలకు వారసురాలైన ఉస్మానియా వైద్య కళాశాల. దానికి కూతవేటు దూరంలో, సుల్తాన్‌బజారులో, వైద్యుల పేర్లు నమోదు చేసే రాష్ట్ర వైద్య మండలి. మొదటి ప్రాంగణంలో అడుగుపెట్టలేకపోయిన విద్యార్థి విదేశంలో చదివి వచ్చినా, చివరకు రెండో కార్యాలయం మెట్లెక్కక తప్పదు. చేరేనాడు ఏజెంటు చెప్పిన మాటలకు, తిరిగివచ్చిన నాడు ఇక్కడ అడిగే కాగితాలకు పొంతన కుదరకపోవడమే అసలు చిక్కు.

ఆ చిక్కు అధికంగా కనిపించేది 'బీఎస్‌-ఎండీ' పేరిట ప్రచారంలో ఉన్న జంట కోర్సులలో. మన దేశంలో ఇంటర్మీడియెట్‌ పూర్తికాగానే నేరుగా ఎంబీబీఎస్‌. అమెరికాలోనూ, ఆ దేశ విద్యా విధానాన్ని అందిపుచ్చుకున్న ఫిలిప్పీన్స్‌లోనూ ముందు ఒక డిగ్రీ, ఆ తరువాతే వైద్య విద్య. ఈ రెండింటినీ ఒకే దరఖాస్తుతో కలిపి ఇచ్చేవే జంట కోర్సులు. అయితే అమెరికాలో ఇవి అత్యంత ప్రతిభావంతులకు కేటాయించిన కొద్ది సీట్లు కాగా, ఫిలిప్పీన్స్‌లో మన విద్యార్థుల కోసం ఏజెంట్లు కట్టిన పొట్లం. పేరు ఒకటే అయినంత మాత్రాన సరకు ఒకటి కాదు.

ఆరు నెలల లోటు

ఫిలిప్పీన్స్‌కు తెలుగు విద్యార్థుల వలస చిన్నదేమీ కాదు. 2020 మార్చిలో కొవిడ్‌ భయంతో మనీలా నుంచి బయలుదేరిన విద్యార్థులు కౌలాలంపూర్‌ విమానాశ్రయంలో చిక్కుకుపోగా, ప్రత్యేక విమానాలలో విశాఖపట్నం, ఢిల్లీలకు తరలించిన ఉదంతం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆంగ్ల బోధన, మన ఊళ్లను తలపించే వాతావరణం, తెలుగువారి భోజనశాలలు.. ఇవన్నీ తల్లిదండ్రులను ఆకర్షించాయి. ఇక్కడి ప్రైవేటు కళాశాలలో యాజమాన్య కోటా రుసుము ఏడాదికి పది లక్షల రూపాయలు దాటిపోగా, అక్కడ అందులో కొంత భాగంతో సరిపోతుందన్న మాట మరింత బలంగా పనిచేసింది.

అక్కడి పద్ధతి ప్రకారం మన విద్యార్థి ముందుగా బీఎస్‌లో చేరతాడు. జీవశాస్త్రమో, మనస్తత్వశాస్త్రమో చదువుతూ ఏడాదిన్నర, రెండేళ్లు గడుపుతాడు. ఆపై ఎన్‌మ్యాట్‌ అనే ప్రవేశ పరీక్ష రాసి నాలుగేళ్ల ఎండీలోకి వెళతాడు. రెండూ కలిపి దాదాపు ఆరేళ్లు కనుక 'ఇది మన ఎంబీబీఎస్‌తో సమానమే' అన్నది ఏజెంట్ల వాదన. చాలాకాలం ఆ వాదన చెల్లుబాటైంది కూడా.

2021 నవంబరు 18న జాతీయ వైద్య కమిషన్‌ విదేశీ వైద్య పట్టభద్రుల లైసెన్షియేట్‌ నిబంధనలను ప్రకటించడంతో పరిస్థితి తారుమారైంది. వైద్య కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఆపై 12 నెలల ఇంటర్న్‌షిప్‌ అదే విదేశీ సంస్థలో పూర్తిచేయాలి. బోధన ఆంగ్లంలోనే సాగాలి. చేరిన నాటి నుంచి పదేళ్లలోగా చదువు ముగియాలి. స్వదేశానికి వచ్చాక మరో 12 నెలల ఇంటర్న్‌షిప్‌ చేయాలి. ఇప్పుడు లెక్క కడదాం. నాలుగేళ్ల ఎండీ అంటే 48 నెలలు. నిబంధన కోరేది 54. లోటు ఆరు నెలలు. బీఎస్‌లో గడిపిన కాలాన్ని కలుపుదామంటే, అది ఎంబీబీఎస్‌కు సమానం కాదని కమిషన్‌ తేల్చివేసింది. నిబంధనలపై సాగిన న్యాయపోరాటంలో 2022 మేలో సుప్రీంకోర్టు వాటినే సమర్థించింది.

ఈ నిర్ణయానికి బలైనది ఎవరన్నది ఆలోచించవలసిన విషయం. అప్పటికే ఎండీలో ఉన్నవారికి పాత నిబంధనలే వర్తించాయి. కానీ బీఎస్‌ మధ్యలో ఉన్నవారి పరిస్థితి అగమ్యగోచరమైంది. అప్పుచేసి, పొలం తాకట్టుపెట్టి పంపిన కుటుంబానికి, రెండేళ్ల చదువు స్వదేశంలో వైద్య విద్యగా లెక్కకు రాదన్న సంగతి విద్యార్థి వెళ్లిన తరువాత తెలిసింది. నాసిరకం శిక్షణను అడ్డుకోవాలన్న కమిషన్‌ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. అయితే బరువంతా విద్యార్థి భుజాలపైనే పడి, పొట్లం కట్టి అమ్మినవారు చెక్కుచెదరకపోవడం మాత్రం సమంజసం కాదు.

నెలల లెక్క ఒక్కటే కాదు, మరో ముడి కూడా ఉంది. చదివిన దేశంలో అక్కడి పౌరులతో సమానంగా వైద్యం చేయడానికి లైసెన్సు పొందే అర్హత ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. ఫిలిప్పీన్స్‌ 1959 వైద్య చట్టం మాత్రం విదేశీయుల విషయంలో పరస్పర అంగీకారాన్ని షరతుగా పెట్టింది. ఇప్పుడు అంతా సర్దుకుందని, కోర్సును పొడిగించారని కన్సల్టెన్సీలు చెప్పవచ్చు. ఆ మాట కరపత్రంలో ఉంటే చాలదు. విశ్వవిద్యాలయం నుంచి లిఖితపూర్వకంగా రావాలి.

ఇన్ని దాటి వచ్చినా ఎఫ్‌ఎంజీఈ ఉండనే ఉంది. 2002 నుంచి సాగుతున్న ఈ పరీక్షలో 300 మార్కులకు 150 తెచ్చుకోవాలి. పలు విడతలలో ఉత్తీర్ణులు నాలుగో వంతుకు అటూఇటూగానే మిగిలారు. తప్పినవారు సంవత్సరాల తరబడి అద్దె గదులలో ఉంటూ, పాత పుస్తకాలు కొనుక్కుంటూ మళ్లీ రాస్తున్నారు. వైద్యుడై ఊరికి వస్తాడని ఎదురుచూసే ఇంటికి ఈ సంవత్సరాల లెక్క ఏ ఏజెంటూ చెప్పడు.

అమెరికా దారి వేరు

ఇక అమెరికా విషయం. అక్కడి బ్రౌన్‌ విశ్వవిద్యాలయంలో ఎనిమిదేళ్ల పీఎల్‌ఎంఈ, మిస్సోరి విశ్వవిద్యాలయ కాన్సాస్‌ సిటీ ప్రాంగణంలో ఆరేళ్ల బీఏ-ఎండీ వంటి కోర్సులు ప్రసిద్ధమైనవి. సీట్లు స్వల్పం. పైగా ఇటువంటి కోర్సులలో చాలా వాటికి అమెరికా పౌరులు, శాశ్వత నివాసులు మాత్రమే అర్హులు. ప్రభుత్వ వైద్య కళాశాలలు సొంత రాష్ట్రం వారికే పెద్దపీట వేస్తాయి. బ్రౌన్‌ వంటి కొన్ని మాత్రమే విదేశీ విద్యార్థుల దరఖాస్తులను స్వీకరిస్తున్నాయి. కాబట్టి దరఖాస్తుదారుడు మొదట చూడవలసింది ర్యాంకుల జాబితా కాదు, అర్హత నిబంధనల పుట.

మార్కులు ఉంటే చాలుననుకోవడం మరో పొరపాటు. తొమ్మిదో తరగతి నుంచి చదువు వివరాలు, అధ్యాపకుల సిఫారసు లేఖలు, ఎందుకు వైద్యుడు కావాలనుకుంటున్నాడో విద్యార్థి స్వయంగా రాసిన వ్యాసాలు, ఆసుపత్రులలో గడిపిన అనుభవం.. ఇవన్నీ వారు చూస్తారు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో కూర్చునే మన ఇంటర్‌ విద్యార్థి ఆసుపత్రి వార్డులో ఎప్పుడు నిలబడగలడు? వందలమందికి పాఠం చెప్పే లెక్చరర్‌ ఒక్కొక్కరి గురించి ఏమని లేఖ రాయగలడు? లోపం విద్యార్థిలో లేదు, మనం నడుపుతున్న చదువులో ఉంది.

ఖర్చు సంగతి సరేసరి. అమెరికా సమాఖ్య ప్రభుత్వ విద్యా రుణాలు విదేశీ విద్యార్థులకు వర్తించవు. నాలుగేళ్ల వైద్య విద్య రుసుము మొత్తాన్ని ముందుగానే బ్యాంకులో జమచేసి చూపాలని కోరే కళాశాలలూ ఉన్నాయి. స్వదేశానికి తిరిగి రాదలచినవారు, అమెరికాలో సైతం ఎండీ దశ నాలుగేళ్లేనన్న సంగతిని 54 నెలల నిబంధన పక్కన పెట్టి చూసుకోవాలి.

విచిత్రమేమిటంటే, అక్కడే పెరిగిన తెలుగు పిల్లలకూ ఈ 'విదేశీ' ముద్ర తప్పడం లేదు. హెచ్‌1బీ వీసాపై వెళ్లిన తల్లిదండ్రులతో పాటు హెచ్‌4పై చిన్ననాడే వెళ్లి, బడి చదువంతా అక్కడే సాగించినా, గ్రీన్‌కార్డు రాకపోతే వైద్య కోర్సుల దరఖాస్తులో వారిని తరచుగా విదేశీ విద్యార్థులుగానే పరిగణిస్తారు. 21 ఏళ్లు నిండితే హెచ్‌4 వర్తించదు, విద్యార్థి వీసాకు మారాలి. అంటే జంట కోర్సు నడుమనే ఈ గండం ఎదురవుతుంది. భారతీయుల గ్రీన్‌కార్డు నిరీక్షణ దశాబ్దాలకు చేరింది కనుక కోఠిలో పుట్టినవాడికీ, డాలస్‌లో పెరిగినవాడికీ దరఖాస్తులో అదే గడి ఎదురవుతున్నది.

పట్టా పేరు మనిషి బతుకును మలుపు తిప్పడం తెలుగువారికి కొత్త కాదు. మద్రాసులో ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌ మాత్రమే దక్కిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో హార్వర్డు దారి పట్టిన సంగతి విదితమే. అంతటి ప్రజ్ఞ అందరికీ ఉండదు గనుక, సాధారణ విద్యార్థి కాగితాలనే నమ్ముకోవాలి.

కాలక్రమాన్ని కూడా గమనించాలి. అమెరికా కోర్సులకు దరఖాస్తు గడువులు చాలావరకు నవంబరు, జనవరి మధ్య, అంటే ఇంటర్‌ రెండో ఏడాది నడుస్తుండగానే ముగుస్తాయి. నీట్‌ ఆ తరువాత మేలో వస్తుంది. విదేశాల్లో చదివి భారత్‌లో వైద్యం చేయదలచినవారికి 2018 నుంచి నీట్‌ అర్హత తప్పనిసరి. అయినా ఫలితాలు రాకముందే అడ్వాన్సు కట్టమని తొందరపెట్టే ఏజెంటు ఎదురైతే, తల్లిదండ్రులు అతనిని అడగవలసినవి మూడు సంగతులే. బీఎస్‌ను మినహాయించి ఎండీ ఎన్ని నెలలు? ఇంటర్న్‌షిప్‌ అదే సంస్థలోనా? అక్కడ మా బిడ్డకు లైసెన్సు ఇస్తారా? జవాబు నోటిమాటగా కాక, విశ్వవిద్యాలయం ముద్రతో కాగితంపై వచ్చేవరకు అడ్వాన్సు ఇవ్వకపోవడమే మేలు.