బెజవాడ నడిబొడ్డు కబుర్లు – 9: చెత్త ఎవరిది, పేరెవరిది?

పాలు తెచ్చేవాడు పాలబ్బాయి. పేపరు వేసేవాడు పేపరబ్బాయి. కూరలు తెచ్చే ఆవిడ కూరగాయలావిడ. మన గుమ్మంలోకి ఏం తెస్తే ఆ పేరు. ఒక్కళ్లకి మాత్రం మన గుమ్మంలోంచి ఏం తీసుకెళ్తే ఆ పేరు. "చెత్తవాళ్లొచ్చారు, బకెట్టు బయట పెట్టు" అని మా గవర్నర్‌పేట సందులో రోజూ పొద్దున్నే వినపడుతుంది.

చెత్త ఎవరిదండీ? రాత్రి మనం తిన్న బిర్యానీ ఎముకలు, మన పిల్లల డైపర్లు, మన ఇంట్లో పగిలిన గ్లాసు. (గాజుపెంకుల్ని కాగితంలో చుట్టి వెయ్యాలన్న ఇంగితం మనలో ఎంతమందికుందో ఆ బండి తోసే అమ్మాయి వేళ్లు చూస్తే తెలుస్తుంది.) పాలబ్బాయి అన్నప్పుడు "పాలను తెచ్చే అబ్బాయి" అని మనసులోనే విడదీసుకుంటాం. చెత్తవాళ్లు అన్నప్పుడు అంత ఓపిక ఉండదు. అది రూపక సమాసం అయిపోతుంది, "చెత్త అనెడి వాళ్లు". క్లాసులో సమాసాలు చెప్పేటప్పుడు ఈ మాట అంటే పిల్లలు నవ్వుతారు. వెనక బెంచీల్లో ఒకరిద్దరు నవ్వరు. ఎందుకు నవ్వరో నాకు తెలుసు, ఇది చదివే మీలో చాలామందికీ తెలుసు.

మా ఇంటికి నాలుగడుగుల్లో బీసెంట్ రోడ్డు. పగలంతా నైటీలు, హెయిర్ క్లిప్పులు, చెప్పులు, చెరుకు రసం, తోసుకునే జనం. పండగ ముందైతే కాలు పెట్టే చోటుండదు. రాత్రి షట్టర్లు దిగాక చూడాలి ఆ రోడ్డుని. అట్టపెట్టెలు, పాలిథిన్ కవర్లు, కొత్త చొక్కాలకి గుచ్చిన గుండుసూదులు, చెరుకు పిప్పి, టీ కప్పులు. తెల్లారకముందే ఆడవాళ్లు చీపుళ్లతో దిగుతారు. పదింటికి షాపు తీసే ఆసామి మాత్రం, పొద్దు పొడిచినట్టు రోడ్డు కూడా దానంతటదే శుభ్రపడుతుందనుకుంటాడు.

వాళ్లలో ఒకావిడని నేను పిన్నీ అంటాను. మొన్న వేసవిలో "ఎండెక్కింది కదా, నీళ్లు తాగవేంటి పిన్నీ" అన్నాను.

"తాగితే ఎక్కడికి పోవాలయ్యా?" అంది.

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది నాకు. ఈ ప్రశ్నకి మాత్రం మాట దొరకలేదు. ప్రతి కాంప్లెక్సులో బాత్రూం ఉంది. వాళ్లు ఊడ్చే వేళకి అన్నిటికీ తాళాలు. తాళం తీశాక స్టాఫుకి మాత్రమేనంటారు. డబ్బులిచ్చి వెళ్లే మరుగుదొడ్డి దూరం, ఈలోపు మేస్త్రి వచ్చి మస్తరు చూసుకుంటే ఆ పూట గల్లంతు. అందుకని నీళ్లు మానేస్తారు. గంటల తరబడి నీళ్లు తాగకుండా, ఆపుకుని పనిచేసే ఆడమనిషి ఒంటికి ఏమవుతుందో ఏ డాక్టరమ్మనైనా అడగండి.

పేపరు కప్పులొచ్చాక రెండు గ్లాసుల పద్ధతి పోయిందని టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. గ్లాసు పోయిన మాట నిజమే. సీసా పైకెత్తి దోసిట్లో పోసే అలవాటు పోలేదు, అదే కొట్టు ముందు చూశాను.

2023 డిసెంబరు ఆఖర్లో రాష్ట్రమంతటా మున్సిపల్ కార్మికులు సమ్మె చేశారు, గుర్తుందా? జనవరి రెండో వారం దాకా నడిచింది. మా సందులో కవర్లు మెట్లెక్కాయి. అప్పుడు మాత్రం అందరి నోటా "మా చెత్త ఎప్పుడు తీస్తారు" అనే మాట. సొంతదారులు బయటపడ్డారు! ఆ నెల 19నే స్వరాజ్ మైదానంలో బాబాసాహెబ్ విగ్రహం ఆవిష్కరించారు. పీఠం 81 అడుగులు, విగ్రహం 125. చూస్తే ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది, దాచుకోను. కానీ 1927లో మహాడ్ చెరువులో దిగి ఆయన దోసిట్లోకి తీసుకున్నది నీళ్లు. ఆయన విగ్రహమున్న ఊళ్లో, పట్టుమని పది నిమిషాల దూరంలో, ఆయన మనుషులు భయపడి నీళ్లు మానేస్తున్నారు.

పేరు సంగతికొస్తాను. 1917 నవంబరులో ఇదే బెజవాడలో సంస్కర్తలు "పంచమ" పేరుతో సభ పెట్టారు. అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ ఆ పేరు మాకొద్దన్నాడు. సభ "ఆది ఆంధ్ర" సభ అయింది. ఎదుటివాడు మంచి మనసుతో పెట్టిన పేరునైనా కాదనే హక్కు మనకుందని చెప్పిన ఊరిది. ఇప్పుడు పెడుతున్న పేర్లు చూడండి: స్వచ్ఛ సైనికులు, కరోనా యోధులు. పూలు చల్లారు, కాళ్లు కడిగారు.

"మిమ్మల్ని ఏమని పిలిస్తే బాగుంటుంది పిన్నీ" అని అడిగాను.

"పిలుపుదేముందిలే అయ్యా, ఆ బాత్రూం తాళం ఇప్పించు ముందు."

అందుకని కార్పొరేషన్‌కి అర్జీ రాస్తున్నాను. బీసెంట్ రోడ్డు మొదట్లో ఒక గది, నాలుగింటికల్లా తెరిచి ఉండేది. లోపల మరుగుదొడ్డి, కుళాయి, కూర్చోడానికి బల్ల. తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండాలి. అప్పటిదాకా ఈ రోడ్డు మీద షాపులున్న మన మిత్రులు ఎవరైనా పొద్దున పూట తమ బాత్రూం తెరిచి ఉంచగలిగితే నాకు మెసేజ్ పెట్టండి. ఇద్దరు ఇప్పటికే సరేనన్నారు. ఇంట్లో వాడుతున్న మాట కూడా ఈ వారం ఒకసారి చెవిపెట్టి వినండి.

వచ్చే భాగంలో ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు. జై భీమ్.